జవాబు రాని ఇళ్లు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చే జకాత్, సదఖాలు ఎవరికి చేరాలో తెలుసుకోవడానికి మనలాంటి సంఘాలు ఇప్పుడు ఫోన్‌లో నింపే సర్వే ఫారాలు వాడుతున్నాయి. ఖర్చు తక్కువ, లెక్క త్వరగా తేలుతుంది. కానీ వచ్చిన జవాబులు ఎన్నని చూసుకునే ముందు, జవాబు రాని ఇళ్లు ఎవరివో చూడాలని మా మనవి.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి ప్రశ్నపత్రాలు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని నమ్మి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. పత్రిక చాలా పేర్లను టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాల నుంచి తీసుకుంది. పైగా జవాబు రాసినవారు, రాయనివారు ఒకేలాంటివారు కారు. జవాబుల కుప్ప ఎంత పెద్దదైనా అందులో లేనివారి సంగతి చెప్పలేదు.

మన విషయంలో ఇది మరీ ముఖ్యం. చేయి చాచని పేదలను తెలియనివారు కలిగినవారే అనుకుంటారని బఖరా సూరా 273వ ఆయత్ మనకు తెలుపుతోంది. అలాంటి ఇల్లు ఫారం నింపడానికీ వెనకాడుతుంది. దానికి తోడు ఫారమే అడ్డుపడితే ఆ భారం మనమీదే.

గూగుల్ ఫారంలో ఒక్కరికి ఒక్క జవాబే అన్న నియమం పెడితే ఖాతాతో లాగిన్ కావాలి. రెండు మూడు కుటుంబాలకు ఒకటే ఫోన్ ఉన్న బస్తీలో మొదటి ఇల్లు నింపగానే పక్కింటి వితంతువుకు దారి మూసుకుపోతుంది. రేషన్ కార్డు ఫొటో జతచేయమన్నా లాగిన్ తప్పదు. ఈ రెండూ తీసేద్దాం. కాగితాలు ఇంటికి వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

బీడీలు చుట్టే తల్లిని వార్షికాదాయం ఎంతని అడిగితే ఏం రాస్తుంది? వెయ్యి బీడీలకు ఎంత ఇస్తారు, వారానికి ఎన్ని చుడతారు అని అడిగితే వెంటనే చెబుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివినవారు మనలో ఎందరో. అందుకని ఫారం రెండు భాషల్లోనూ ఉండాలి. చదువు రానివారికి ప్రశ్నలను గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాలి.

పది ప్రశ్నలు చాలు. సులువైనవి ముందు, అప్పులు, జబ్బుల సంగతి చివర. చెప్పడం ఇష్టం లేదనే వీలు కూడా ఉండాలి. ఎందుకు అడుగుతున్నామో జుమా నాడు ఇమామ్ సాహెబ్ చేత, ఆడవారి ఇజ్తెమాలో సోదరీమణుల చేత చెప్పించాలి. వారం తర్వాత ఒకసారి గుర్తు చేయాలి. అప్పటికీ జవాబు రాకపోతే మనిషే వెళ్లాలి. ఒంటరి మహిళల ఇళ్లకు సోదరీమణులే వెళ్లాలి.

దాతలకు మూడు విన్నపాలు. ఇంటింటికీ తిరిగే ఖర్చును జకాత్ సొమ్ములోంచి కాక సాధారణ విరాళాల నుంచి భరించాలని మా ఆలోచన. అందుకు వేరుగా చేయూతనివ్వండి. సాయం పొందినవారి పేర్లు, ఫొటోలు అడగకండి. వ్యక్తిగత వివరాలను ఏ పనికి తీసుకుంటున్నామో చెప్పి, సాధారణంగా సమ్మతితో తీసుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. నలుగురిలో పరువు పోతుందన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం రాయరు.

ఇక మూడవది. ఎన్ని ఇళ్లకు ఫారం పంపాం, ఎన్ని జవాబులు వచ్చాయి, జవాబు రాని ఇళ్లలో ఎన్నింటి తలుపు తట్టాం? ఈ మూడు అంకెలూ ప్రతి ఏటా మమ్మల్ని అడగండి. మూడో అంకె చెప్పలేని సర్వేను ఒప్పుకోకండి.

మన దానాలను అల్లాహ్ స్వీకరించుగాక, హక్కుదారులకు చేర్చుగాక. ఆమీన్.