బల్లమీది పెట్టెయా, సంచిలోని పెట్టెయా?

మేమిరువురము ఉపాధ్యాయులము, ఇరువురమును చూపులేనివారము. మా కాపురము చిట్యాలలో. హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి మా ఊరిమీదుగనే సాగుచున్నది గనుక, తెల్లవారుజామున మాకు కోడికూతకంటె ముందు లారీల కూత వినబడును. మా యింట రెండు కంప్యూటరులు గలవు. ఒకటి కిటికీప్రక్క బల్లమీద కదలక కూర్చున్న చిన్న పెట్టె. రెండవది సంచిలో పెట్టుకొని తిరుగు లాప్‌టాప్. మొదటిది మాలో ఒకరిది, రెండవది మరియొకరిది. ఏది మేలన్న తగవు మా యింట ఏండ్లుగా తెగలేదు. దానిని నేడు శ్రోతలయెదుట పెట్టుటకు కారణము, మొన్న వేసవిలో మా గడపకు వచ్చిన ఒక తండ్రి.

ఆయన దాపున నున్న పల్లెనుండి కూతును వెంటబెట్టుకొని వచ్చెను. ఆ బాలిక పుట్టుకతోనే చూపులేనిది. ఇంటరు ముగించి నల్లగొండలో డిగ్రీకి చేరబోవుచుండెను. ఆయన కూర్చుండకముందే అడిగినాడు: "సార్, టీచరమ్మా, పైసలు ఒక్కపారికే ఉన్నయి. మల్ల కొనేటందుకు నా తాన ఏం లేదు. చిన్న డబ్బా కొనాల్నా, లాప్‌టాప్ కొనాల్నా, మీరే చెప్పాలె."

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఎందుకనగా, మూడేండ్ల క్రిందట ఇదే ప్రశ్నకు ఒక బాలునికి మేము చెప్పిన బదులు తప్పైనది. ఆ సంగతి పిమ్మట చెప్పెదము.

చూపులేనివారికి కంప్యూటరుతో పనియేమి యని కొందరు శ్రోతలకు తోచవచ్చును. మా బాల్యమున మాకు బ్రెయిలీ పలకయు, పొడుచు సూదియు మాత్రమే యుండెడివి. భారతీయభాషల కన్నిటికిని పనికివచ్చు భారతి బ్రెయిలీ 1951లో ఏర్పడినది. అయినను పాఠ్యపుస్తకమొక్కటి బ్రెయిలీలో దొరకుట కరవుగ నుండెడిది. దొరకినను మోయుటకు ఒక మనిషి కావలెను. తెరమీది అక్షరములను చదివి వినిపించు ప్రోగ్రాములు వచ్చిన పిమ్మట మా బ్రతుకు మారినది. మోటారు సైకిలు పందెములలో పేరుపొంది, తరువాత ప్రమాదములో చూపు కోల్పోయిన అమెరికా ఇంజనీరు టెడ్ హెంటర్ 1989లో జాస్ అను ప్రోగ్రామును వెలువరించెను. అది మంచిదే, కాని దాని వెల మావంటివారికి అందదు. 2006లో మైకేల్ కరన్ అను ఆస్ట్రేలియా యువకుడు ఎన్.వి.డి.ఎ. యను మరియొక దానిని ఆరంభించెను. చిన్ననాడు సంగీత శిబిరములో కలిసిన జేమ్స్ టే అతనికి తోడైనాడు. ఇరువురును చూపులేనివారే. దానిని వారు ఉచితముగా పంచిపెట్టిరి. దానితోపాటు వచ్చు ఈస్పీక్ అను గొంతు తెలుగును కూడ చదువును. ఆ గొంతు రేకును రాతిమీద గీచినట్లుండునన్న మాట నిజమే. కాని అలవాటుపడిన చెవికి అది ఎంత వేగముగ చదివినను తెలియును. మా యింటికి వచ్చిన బంధువులు మాత్రము అది తెలుగని నమ్మరు.

తెరను చూడనివారికి తెర యెందుకు? బల్లమీది పెట్టె పక్షమువారి మొదటి వాదమిది. లాప్‌టాప్ వెలలో కొంత తెరకే పోవుచున్నది. చిన్నపెట్టెకు ఆ దండుగ లేదు. ఇది పోపులపెట్టెకంటె పెద్దది కాదు. ఆపిల్ కంపెనీవారు 2005లో వెలువరించిన మాక్ మినీ యిట్టిదే. దాని 2024 నమూనా అయిదంగుళముల చదరము, రెండంగుళముల యెత్తు మాత్రమే. ఆ నమూనాకు ప్రారంభపు మీటను అడుగుభాగమున పెట్టిరని చూపున్నవారు చాలమంది విసుగుకొనిరి. మాకు అందులో కష్టమేమియు తోపదు. వ్రేలికి పైభాగమైన నేమి, అడుగుభాగమైన నేమి?

రెండవ వాదము మీటలది. ఇందులో బల్లమీది పెట్టెకు నిజమైన గెలుపు కలదు. మేము మౌసును ముట్టము, పనియంతయు మీటలతోనే. పెద్ద మీటలపలకకు కుడిప్రక్కన అంకెల మీటలు వేరుగ నుండును. ఎన్.వి.డి.ఎ.లో 7, 8, 9 మీటలు వరుసను, 4, 5, 6 మాటను, 1, 2, 3 అక్షరమును చదివించును. ఎడమది వెనుకటిదానిని, నడిమిది ఇప్పటిదానిని, కుడిది ముందటిదానిని చెప్పును. 5 మీటమీద చిన్న బొడిపె యుండుటచే చేయి తానై చోటు తెలిసికొనును. ఈ తొమ్మిది మీటలు మాకు కన్నులవంటివి. చాల లాప్‌టాప్‌లకు అవి లేవు. హోం, ఎండ్, ఇన్సర్ట్ మీటలను మరియొక మీటతో కలిపి నొక్కవలెను. బాణపు మీటలు చింతగింజలంత యుండును. లాప్‌టాప్‌కై ఎన్.వి.డి.ఎ.లో వేరొక అమరిక కలదు, ఇన్సర్ట్‌కు బదులు కాప్స్ లాక్‌ను వాడుకొనవచ్చును. నేర్చినవారు దానితోను వేగముగ పనిచేయుదురు. అయినను చాయ ఒలికి లాప్‌టాప్ మీటలు చెడిన యెడల ఖర్చెంతో మాలో ఒకరికి స్వానుభవమున తెలిసినది. బల్లమీద నైనచో క్రొత్త పలక కొని తగిలించిన చాలును.

ఇన్ని గుణములు చెప్పియే మూడేండ్ల క్రిందట మేము ఆ బాలునిచేత చిన్నపెట్టెను కొనిపించితిమి. "తెర దండుగ, వద్దు" అంటిమి. అతడు ఉద్యోగపరీక్షకు చదువుచుండెను. సర్టిఫికెట్ల నకళ్లన్నియు ఆ పెట్టెలోనే దాచుకొనినాడు. దరఖాస్తునకు ఇంక రెండుదినములు గడువుండగా ఒక సాయంకాలము కరెంటు పోయి మరల వచ్చినది. పెట్టె వెలిగినది గాని పలుకలేదు. పంఖా తిరుగుచున్న గాలి చేతికి తగులుచున్నది. చెవిలో మాట లేదు. ఇంట నున్నది అక్షరమెరుగని నాయనమ్మ. ఎవరినైనను పిలిచి చూపింతమన్న చూపుటకు తెరయే లేదాయెను. ఫోనులోని కెమెరాద్వారా దూరమున నున్న చూపున్నవారు మాకు చదివిపెట్టు బీ మై ఐస్ అను సదుపాయము 2015నుండి కలదు. తెర లేనిచోట అదియేమి చదువును? గడువు దాటిన మరునాడు పొరుగింటి టెలివిజనుకు తీగ తగిలించి చూచిరి. లోపల గడియారమును నడపు బిళ్లబ్యాటరీ క్షీణించి, కరెంటు పోగానే తేదీ చెదరి, 'ముందుకు సాగుటకు ఒక మీట నొక్కుము' అని పెట్టె యడుగుచున్నది. విండోస్ మేలుకొనకముందు మా చదువరి ప్రోగ్రాము మేలుకొనదు. కావున ఆ ప్రశ్న మాకు వినబడదు. ఒక్క మీట నొక్కిన తీరు పనికి ఆ పరీక్ష చేజారినది.

ఆ బాలుడు మమ్ము ఒక్క మాట యనలేదు. అనియుండిన మాకు కొంత తేలికగ నుండెడిది.

అప్పుడు మాకు తెలిసినది, తెర మాకై కాదు, మాకు సాయపడువారికై యని. పెట్టె మూగవోయిన నాడు ఎరువు తెచ్చుకొన్న కన్నులకు చూచుటకొక చోటు కావలెను. లాప్‌టాప్‌కు ఆ తెర తనతోనే యున్నది; స్పీకరు, మైకు, కెమెరా కూడ తనతోనే యున్నవి. చిన్నపెట్టెలలో అనేకమునకు స్పీకరు లేదు. టెలివిజను తగిలించినచో ధ్వని అటు పోవుటయు కలదు. టెలివిజను కట్టివేసిన మాట ఆగిపోవును. తీగలేని ఇయర్‌ఫోనులు మాట మొదటి అక్షరమును మ్రింగివేయుట మేమెరుగుదుము. కావున తీగగల దానినే దగ్గర నుంచుకొనవలెను. ఇంక లాప్‌టాప్ బ్యాటరీ సంగతి చెప్పనక్కరలేదు. కరెంటు పోయినను వ్రాత పోదు. చిన్నపెట్టెకు ఆ భద్రత కావలెనన్న యు.పి.ఎస్. వేరుగ కొనవలెను, అప్పుడు మిగిలినదనుకొన్న డబ్బు అక్కడికే పోవును.

ఒక చిత్రము కూడ కలదు. తెర పగిలిన లాప్‌టాప్ ఇతరులకు చెత్త. మాకు నడచు కంప్యూటరు. అట్టి దానిని చవుకగా కొని, ఇంటి టెలివిజనుకు అవసరమైనప్పుడు తగిలించుకొను మిత్రులు మాకు గలరు. అయితే పాతది కొనువారు ఒకటి విచారింపవలెను: విండోస్ 10కి కంపెనీవారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11ను అందుకొనలేని పాతయంత్రము ఎంత చవుకయైనను చవుక కాదు.

ఇక ఆ బాలిక విషయము. ఆమెను రెండు దినములు మా యింట రెంటిమీదను కూర్చుండబెట్టితిమి. మా పెట్టెమీది అంకెల మీటలు ఆమెకు మిక్కిలి నచ్చినవి. లాప్‌టాప్ మీద మొదట తడబడినది. కాని ఆమె వారము దినములు హాస్టలులో, ఆదివారము ఇంట ఉండవలెను, తరగతిలో వ్రాసికొనవలెను, హాస్టలు గదిలో బల్ల యున్నదో లేదో తెలియదు. కావున లాప్‌టాప్ కొనుమంటిమి. మిగిలిన కొద్ది డబ్బుతో అంకెల మీటలున్న వేరు పలక నొకటి కొనుమంటిమి. హాస్టలులో ఆ పలక మంచముమీద, లాప్‌టాప్ గూటిలో నుండవచ్చును.

దుకాణమునకు మేమును వెంట వెళ్లితిమి. దుకాణదారు ఆమె అన్నవైపు తిరిగి, తెరలో రంగులెంత చక్కగ నున్నవో అరగంట వర్ణించెను. బాలిక ఆ మాటలు వినుచునే కంట్రోలు, విండోస్, ఎంటర్ మీటలను ఒక్కసారి నొక్కినది. విండోస్‌లోనే యుండు నెరేటర్ పలుక మొదలిడగా దుకాణమంతయు నిశ్శబ్దమైనది. ఆమె అయిదారింటిని తడవి, బాణపు మీటలు విడివిడిగ నున్న దానిని ఏరుకొనినది. దాని రంగేదో ఆమె యడుగలేదు, మేమును అడుగలేదు. తండ్రి మాత్రము నలుపని చెప్పెను.

ఇప్పుడామె తెరవెలుగును పూర్తిగ తగ్గించి వాడుచున్నది, బ్యాటరీ కొంత ఎక్కువ వచ్చునని. బస్సులో ప్రక్కవారు తొంగిచూడకుండ తెరను నల్లగ కప్పు ఏర్పాటు ఎన్.వి.డి.ఎ.లో కలదు, దానిని కూడ నేర్చినది. ఆమెను వేధించునది యంత్రము కాదు. కొందరు అధ్యాపకులు పంపు పాఠములు పాత అను అక్షరములలో నున్నవి. యూనికోడు కాని ఆ వ్రాతను ఏ గొంతును తెలుగుగ చదువలేదు. దానికి బల్లమీది పెట్టెయు, సంచిలోని పెట్టెయు ఒక్కటే.

ఆ బాలుడు తన చిన్నపెట్టెను అమ్మలేదు. బిళ్లబ్యాటరీ మార్పించి, ఒక చిన్న యు.పి.ఎస్. కొని, పెట్టెను ఇంటి టెలివిజనుకు శాశ్వతముగ తగిలించుకొనినాడు. ఈ యేడు దరఖాస్తును గడువునకు తొమ్మిది దినములు ముందుగనే పంపితినని ఫోనులో చెప్పెను. వెనుకనుండి నాయనమ్మ గొంతు వినబడుచుండెను. సాయంకాలపు సీరియలు నడుమ వీని అక్షరములు అడ్డము వచ్చుచున్నవని ఆమె ఫిర్యాదు.