380 కిలోమీటర్లు అంటే ఎంత దూరం?

 

ఇవాళ కెనడా ఉత్తరపు కొసకు పోదాం. నునావుట్ అనే ప్రాంతంలో గ్రీస్ ఫియోర్డ్, రెజొల్యూట్ అని రెండు ఊళ్లున్నాయి. 2021 జనాభా లెక్కల్లో మొదటి ఊళ్లో 144 మంది, రెండో ఊళ్లో 183 మంది. రెంటి మధ్య ఆకాశమార్గంలో సుమారు 380 కిలోమీటర్లు. గోడ మీది మ్యాపులో చూస్తే ఇంకా చాలా దూరం అనిపిస్తుంది. ఎందుకంటే మామూలు ప్రపంచ మ్యాపులు పైకి పోయే కొద్దీ సాగుతాయి. అక్కడ దాదాపు నాలుగు రెట్లు పెద్దగా కనిపిస్తుంది.

సరే, 380 అంటే మనకు ఒక రాత్రి బస్సు. వాళ్లకు మాత్రం రోడ్డు లేదు. సరుకుల ఓడ వచ్చేది ఎండాకాలంలోనే. ఇక మిగిలింది ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం. పంతొమ్మిది మందికి మించి పట్టరు, కంకర రన్‌వే మీద దిగుతుంది. గాలి తిరిగినా, మబ్బు కమ్మినా ఆ రోజు విమానం లేనట్టే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. గ్రీస్ ఫియోర్డ్‌లో ఒకరికి జబ్బు ముదిరితే పెద్దాసుపత్రి ఇకాలువిట్‌లో ఉంది. నేరుగా కొలిస్తే 1,500 కిలోమీటర్లు. కానీ మామూలు ప్రయాణికుల విమానంలో పోవాలంటే ముందు పడమరకు, రెజొల్యూట్‌కు పోవాలి. అక్కడి నుంచి మళ్లీ 1,570. అంటే 450 కిలోమీటర్లు అదనం. పైగా రెండు చోట్లా వాతావరణం అనుకూలించాలి.

అసలు వాళ్లు అక్కడికి ఎట్లా చేరారు? 1953లో కెనడా ప్రభుత్వం రెండు వేల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఇనుక్జువాక్ నుంచి ఇన్యూట్ కుటుంబాలను ఓడలో తెచ్చి దింపింది. వేట బాగుంటుందన్నారు. నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామన్నారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. రెండేళ్లు అని బయల్దేరడం అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

నేను చెప్పొచ్చేది ఒక్కటే. దూరం కిలోమీటర్లలో ఉండదు. తిరిగి పోయే దారి ఎవరి చేతుల్లో ఉందో, అందులో ఉంటుంది. రియాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 3,400 కిలోమీటర్లు, నేరుగా పోతే ఐదు గంటల లోపే. కానీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికి రాకపోతే అది గ్రీస్ ఫియోర్డ్ కన్నా దూరం.

అందుకే ఇంటి నుంచి కబురు రాకముందే చూసుకోండి. పాస్‌పోర్ట్ గడువు ఎంతుంది? అర్జెంట్ సెలవుకు ఎవరి సంతకం కావాలి? టికెట్ చవక అని తీసుకుంటే మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి? శంషాబాద్‌లో అర్ధరాత్రి దిగితే జగిత్యాలకో, నిజామాబాద్‌కో తీసుకుపోయేదెవరు? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రూమ్‌లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. పైలం.