వక్ఫ్ దావాకూ గడువు వచ్చింది
(హిందూపురం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వక్ఫ్ ఆస్తుల గురించి ఒక్క విషయం మనవి చేస్తాను. అద్దెదారుణ్ణి ఖాళీ చేయించే దావా సివిల్ కోర్టులోనే వేయాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2013 సవరణ ఆ దావాలను వక్ఫ్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. అయితే కోర్టు ఏదైనా, ఆక్రమిత వక్ఫ్ భూమి స్వాధీనం కోరే దావాకు కాలదోషం పట్టేది కాదు. 1995 చట్టంలోని 107వ సెక్షన్ కాపాడేది. 2025 ఏప్రిల్ 8 నుంచి ఆ రక్షణ తొలగింది. ఇకపై ఆక్రమణను 12 ఏళ్లు ఉపేక్షిస్తే హక్కే పోవచ్చు.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నోటిమాట దస్త్రంలోకి ఎక్కదని ఎరుగుదును. ముతవల్లీలు గెజెట్ ప్రతి, అడంగల్ నకలు, అద్దె రసీదులు నేడే సమకూర్చుకోవాలని వేడుకుంటున్నాను. సెలవు.