స్విచ్ లేని ప్లగ్గుకి మన చెయ్యే స్విచ్చు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి అక్కలు చక్కగా చెప్పారు. నేను మన ఇంటి గోడకున్న ప్లగ్గు గురించి చెప్తాను. చాలా ఇళ్ళల్లో స్విచ్ లేకుండా ఒట్టి సాకెట్టు ఉంటుంది. దాన్ని మనం 'డైరెక్టు' అంటాం. అందులో రాత్రింబగళ్ళు కరెంటు ఉంటుంది. వాడినా ఉంటుంది, వాడకపోయినా ఉంటుంది.

మా సంఘంలో ఒకామె అప్పు తీసుకుని గ్రైండరు కొనుక్కుంది. ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ప్లగ్గు డైరెక్టే. తడి చేత్తోనే పెట్టేది, తడి చేత్తోనే పీకేది. పీకినప్పుడల్లా చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చేది. కొన్నాళ్ళకి సాకెట్టు నల్లబడింది. ఒకరోజు చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. ప్రాణం దక్కింది, అంతే చాలు.

నడుస్తున్న మోటారుని ప్లగ్గు పీకి ఆపితే, కరెంటు ఆ సందులోంచి దూకుతుంది. అదే నిప్పురవ్వ. స్విచ్చులో కూడా కరెంటు తెగుతుంది. కానీ టక్కున తెగుతుంది, మూత లోపల తెగుతుంది. స్విచ్ లేకపోతే ఆ పని మన చేత్తో చేస్తున్నట్టే.

డైరెక్టు తీసేసి స్విచ్ ఉన్న సాకెట్టు పెట్టించుకోవాలి. ఆ పని మనం చెయ్యొద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిచి, మెయిన్ ఆపించి చేయించాలి. కానీ దగ్గరుండి నాలుగు సంగతులు అడగాలి.

ఒకటి, స్విచ్ ఫేజు వైరు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే స్విచ్ ఆపగానే గ్రైండరు ఆగుతుంది గానీ, సాకెట్లో కరెంటు అలాగే ఉంటుంది. ఆగింది కదా అని మనం చెయ్యి పెడతాం. అందుకే పని అయ్యాక స్విచ్ ఆపి, టెస్టరు పెట్టి చూపించమనండి. ఏ కన్నంలోనూ వెలగకూడదు.

రెండు, ఆంపియర్లు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. వస్తువు మీద రాసిన వాట్లని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 750 వాట్ల మిక్సీకి 3 పైచిలుకు. దానికి 6 ఆంపియర్ల సాకెట్టు చాలు. 1500 వాట్ల నీళ్ళ హీటరుకి ఆరున్నర. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి. స్విచ్చూ 16దే ఉండాలి, వైరూ లావుది ఉండాలి. సన్న వైరుకి పెద్ద సాకెట్టు బిగిస్తే గోడలోనే వైరు కాలుతుంది.

మూడు, పైనున్న పెద్ద కన్నం ఎర్తుది. దాని వెనకాల పచ్చ వైరు ఉందా, అది నిజంగా భూమిలోకి వెళ్ళిందా అని అడగండి. కన్నం ఉండి వైరు లేకపోతే అది అలంకారమే.

నాలుగు, సామాను ఐఎస్ఐ గుర్తుది కొనండి. నీళ్ళ తొట్టికి దూరంగా, పసిపిల్లలకి అందనంత ఎత్తులో పెట్టించండి.

ఇంట్లో మగవాళ్ళు, "ఇన్నాళ్ళూ ఏమైంది, ఇప్పుడు ఈ ఖర్చెందుకు?" అంటారు. ప్లగ్గు పెట్టేదీ మనమే, పీకేదీ మనమే. అడగాల్సింది కూడా మనమే.

నేను సమాఖ్యని రెండు కోరుతున్నాను. గ్రైండరుకి గానీ, కుట్టు మిషను మోటారుకి గానీ అప్పు రాసేటప్పుడు, స్విచ్ సాకెట్టు ఖర్చు కూడా సూక్ష్మ రుణ ప్రణాళికలోనే రాయాలి. మిషనుకి అప్పిచ్చి, దాన్ని డైరెక్టుకి తగిలించమంటే ఆ మనిషికి ఏమైనా అయితే ఆ ఇంటికి ఎవరు దిక్కు? రెండోది, వచ్చే మీటింగులో ప్రతి సభ్యురాలూ తన ఇంట్లో డైరెక్టు పాయింట్లు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. మినిట్స్ బుక్కులో రాయాలి. పొదుపు కట్టారా అని అడిగినట్టే, ఎన్ని మార్పించారని ప్రతి నెలా అడగాలి.

మా సంఘంలో పదిమందిమీ లెక్క పెట్టుకున్నాం. ఆ ఇడ్లీ పిండి ఆమె ఇల్లే ముందు చేయించాం. ఇప్పుడు స్విచ్ ఆపి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు ప్లగ్గు తీస్తోంది.

సెలవు.