కొత్త నగరము - పాత సైకిలు

ఒక ఊరినుండి మరియొక ఊరికి కాపురము మార్చునపుడు ప్రతి ఇంటిలోను సామానుల పట్టిక యొకటి తయారగును. బీరువా తీసికొని పోవలెను, మంచములు తీసికొని పోవలెను, రోలు ఎవరికైన ఇచ్చివేయవలెను - ఇట్లు పట్టిక సాగును. 2018 మే నెలలో మేము తెనాలినుండి హైదరాబాదునకు తరలివచ్చునపుడు మా పట్టికలో చిట్టచివర మిగిలినది నా సైకిలు. దాని ఎదుట "తీసికొని పోవలెను" అని నేను వ్రాసితిని. మా ఇంటావిడ దానిని కొట్టివేసినది. నేను మరల వ్రాసితిని.

"ఏమండీ, అంత పట్నంలో ఈ పాత బండి ఎక్కడ తొక్కుతారు? మీకేమన్నా అయితే మా గతేమిటి?" అని ఆమె అడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. ఇరువది యేండ్లుగా సైకిలే నా వాహనము, సైకిలే నా వినోదము. ఆ మాట పైకి చెప్పుటకు బిడియపడి, చక్రములకు గోనెపట్టా చుట్టించి, రైలు పార్శిలులో వేయించితిని. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నాకు ఏడాది పట్టినది. ఊరు మారబోవు సైకిలు ప్రియులకు ఉపయోగపడునేమోయని ఆ ఏడాది అనుభవమును మీతో చెప్పుచున్నాను.

తెనాలి కృష్ణా డెల్టాలోని పట్టణము. కృష్ణమ్మ వేలయేండ్లు తెచ్చి పరచిన ఒండ్రుమట్టిమీద వెలసిన సీమ యది. సముద్రమట్టమునకు పది మీటర్లకు అటునిటుగా ఉండును. కాలువలో నీరు పారుటకు ఎంత వాలు కావలెనో అంతే వాలు ఆ భూమికి కలదు. కాలువకట్టమీద సైకిలెక్కినవాడు ఊళ్ళకు ఊళ్ళు దాటిపోయినను ఎక్కినట్టు గాని దిగినట్టు గాని తెలియదు. అచ్చట సైకిలు తొక్కువానికి కొండ యన్నది లేదు, గాలియే కొండ. సాయంకాలము సముద్రపు గాలి ఎదురు వచ్చినచో తల వంచి తొక్కవలెను. వెనుకనుండి వచ్చినచో కాళ్ళకు సెలవు. అట్టి సీమలో ఇరువది యేండ్లు తొక్కి, సైకిలు విద్యలో నాకు రానిది లేదని అనుకొంటిని.

హైదరాబాదు వచ్చిన మొదటి వారముననే ఆ గర్వము అణగినది. ఈ నగరము దక్కను పీఠభూమిమీద ఉన్నది. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైమాటే. అడుగున నల్లరాతి బండ. ఆ బండను వానయు గాలియు యుగయుగములుగా కోయగా కొన్నిచోట్ల గుట్టలు నిలిచినవి, కొన్నిచోట్ల పల్లములు ఏర్పడినవి. నడుమ మూసీనది పడమటినుండి తూర్పునకు పారుచున్నది. కారులో పోవువానికి ఈ ఎగుడు దిగుడులు తెలియవు. బస్సులో పోవువానికి అసలే తెలియవు. సైకిలువాని మోకాళ్ళకు మాత్రము ప్రతి గజమును తెలియును. కిలోమీటరు పోవుసరికి నాకు రొప్పు వచ్చినది. దిగి నడిపించుకొని పోయితిని. ప్రక్కన పోవు స్కూటరువారు నావైపు జాలిగా చూచిరి.

"నీరు పల్లమెరుగును" అని మన పెద్దలు చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. నీరెరిగిన పల్లమును మనము ఏల ఎరుగరాదు? ఈ నగరపు పేటల పేర్లను ఒక కాగితముమీద వ్రాసి చూచుకొంటిని. అడ్డగుట్టలో గుట్ట యున్నది. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ పేర్లలోనే కొండలున్నవి. గోల్కొండ సంగతి చెప్పనక్కరలేదు. ఉర్దూలో పహాడ్ అనిన కొండయే. మరియొక ప్రక్క లోతుకుంటలో కుంట, మాసబ్ ట్యాంకులో చెరువు, మీరాలం చెరువు ఉన్నవి. నాటి జనులు పేటలకు పేర్లు పెట్టునపుడే నేటి సైకిలువానికి దారి వ్రాసి యుంచిరి. గుట్టయని పేరున్నచోటికి పోవలెననిన ఎక్కవలెను. కుంటయని పేరున్నచోటికి పోవలెననిన దిగవలెను. అచ్చటినుండి తిరిగి వచ్చునపుడు మరల ఎక్కవలెనని మరువరాదు. వానకాలములో నీరు నిలుచునది కూడ అచ్చటనే. కుంట పూడిపోయినను నీటికి దాని చిరునామా తెలియును.

రెండవ పాఠము మా వీథిచివరి సైకిలు షాపులో నేర్చితిని. ఆ షాపువాడు నా బండిని ఇటునటు త్రిప్పి చూచి, "బండి మంచిదే సార్, గని ఇక్కడ మస్తు చడావులుంటయ్" అనినాడు. చడావు అనగా ఎక్కుదల. నా సైకిలుకు పెడలువద్ద నున్న పళ్ళచక్రమునకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. పెడలు ఒకసారి పూర్తిగా తిరిగినచో బండి సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోవును. చదును నేలమీద అది సుఖమే. ఎక్కుదలమీద ఆ ఐదున్నర మీటర్ల బరువును ఒక్క చుట్టులో కాలు మోయలేదు. అతడు 18 పళ్ళ ఫ్రీవీలు విప్పి 22 పళ్ళది బిగించినాడు. ఇప్పుడు ఒక చుట్టునకు బండి నాలుగున్నర మీటర్లే పోవును. కాలిమీది బరువు సుమారు ఐదవవంతు తగ్గినది. ఎక్కవలసిన ఎత్తు ఏమియు తగ్గలేదు. పనిని చిన్న చిన్న వాయిదాలలో తీర్చుకొనుచున్నాము, అంతియే. గేర్ల సైకిలు కొనలేనివారికి ఇది స్వల్పవ్యయముతో జరుగు మరమ్మతు. ఊరు మారినపుడు చొక్కా కొలతవలె సైకిలు పళ్ళును మార్చుకొనవలెనని నేను అంతవరకు ఎరుగను.

మూడవ పాఠము కష్టమైనది. జూన్ నెలలో తొలకరి కురిసిన సాయంకాలము ఒక వాలుమీద దిగుచున్నాను. ఎదుట బస్సు ఆగినది. బ్రేకు నొక్కితిని. నాది పాతకాలపు కమ్మీబ్రేకు, ఇనుపరిమ్ము. తడిసిన రిమ్మును రబ్బరు పట్టలేదు. బండి జారిపోవుచునే యున్నది. చేయునది లేక ఎడమప్రక్క మట్టిలోనికి త్రిప్పి పడితిని. మోకాలు చీరుకొన్నది, అంతకు మించి ఏమియు కాలేదు. తప్పు బస్సుది కాదు, వానది కాదు. చదును నేలమీద ఇరువది యేండ్లు తొక్కిన నేను బ్రేకు వేయుట నేర్వనేలేదు. అచ్చట పెడలు ఆపినచో బండియే ఆగును. వాలుమీద అట్లు కాదు. వేగము రెండింతలైనచో బండిలోని శక్తి నాలుగింతలగును. దానిని బ్రేకే మ్రింగవలెను. కనుక వాలు మొదట్లోనే వేగము తగ్గించుకొనవలెను. వాన పడినపుడు బ్రేకును ముందుగానే మెల్లగా నొక్కుచు రిమ్మును తుడుచుకొనవలెను. సందేహమున్నచో దిగి నడువవలెను. నడుచుటలో పరువు పోదు.

ఆ రాత్రి మోకాలికి పసుపు అద్దుచు మా ఇంటావిడ ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువగా బాధించినది. "అమ్మివేయుదునా?" అని నేనే అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "ఈ ఊళ్ళో ఎంతమంది తొక్కటం లేదు? వాళ్ళెలా తొక్కుతున్నారో ముందు చూడండి" అనినది. అంతకంటె మంచి సలహా నాకు ఏ పుస్తకములోను దొరకలేదు.

మరునాటినుండి తెల్లవారుజామున లేచి చూడసాగితిని. కొత్త నగరములో సైకిళ్ళు లేవని అనుకొంటిమి గాని, అవి మనము నిద్రించు వేళ తిరుగుచున్నవి. పత్రికలు వేయు కుర్రవాడు, పాలసంచుల మనిషి, వెనుక కేరేజిమీద టీ ఫ్లాస్కు కట్టుకొన్న వర్తకుడు, రాత్రి కాపలా ముగించి ఇంటికి పోవు వాచుమను - వీరు సైకిలు ప్రియులు కారు, సైకిలుతో బ్రతుకువారు. ఎక్కుదల తప్పించుకొనుటకు ఏ సందులో దూరవలెనో, ఏ మ్యాన్‌హోలు మూత క్రుంగియున్నదో, ఏ మలుపులో బస్సులు ఎడమప్రక్కకు ఒరిగి వచ్చునో వారికి తెలిసినట్లు ఏ పటమునకును తెలియదు. ఒక పత్రికల కుర్రవాడు నాకు మారేడుపల్లినుండి హిమాయత్‌నగరునకు దారి చెప్పినాడు. పెద్దరోడ్డుకంటె అది దూరమే. కాలము మాత్రము ఎక్కువ పట్టలేదు, ప్రాణమునకు నిమ్మళము. ఆగియున్న కారు ప్రక్కన పోవునపుడు మీటరు ఎడము విడువవలెనని, ఆ తలుపు ఎప్పుడు తెరచుకొనునో దేవునికే తెలియునని చెప్పినవాడు కూడ అతడే.

ఆ దారిలోనే ట్యాంక్ బండు వచ్చును. ఇబ్రహీం కుతుబ్ షా కాలములో కట్టిన హుస్సేన్ సాగరు కట్ట యది. హైదరాబాదును సికిందరాబాదును కలుపుచున్న ఆ కట్టమీద మొదటిసారి సైకిలు తొక్కినపుడు నా కాళ్ళు ఏదో గుర్తుపట్టినవి. ఎక్కుదల లేదు, దిగుదల లేదు. ఒకప్రక్క నీరు, ఎదురుగాలి. చెరువుకట్ట పైభాగము మట్టముగా లేనిచో నీరు పల్లపుచోట పొరలి కట్టను తెంపును. అందుచేత కట్ట చదునుగా ఉండితీరవలెను. గుట్టల నగరము నడుమ నాకొక కాలువకట్ట దొరికినది. ఆనాడు ఈ ఊరు నాది యనిపించినది.

ఇటీవల ఈ నగరమునకు సైకిలుదారి యొకటి వచ్చినది. బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున, పైన సౌరఫలకల కప్పుతో నిర్మించి 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభించిరి. నానక్‌రామ్‌గూడనుండి పోలీసు అకాడమీవైపు ఒక పాయ, నార్సింగినుండి కొల్లూరువైపు మరియొక పాయ. ఎండ తగులదు, పైకప్పు విద్యుత్తు నిచ్చును. నేనును ఆదివారమునాడు పోయి తొక్కి ఆనందించితిని. కాని అది ఊరి అంచున నున్నది. పాలసంచుల మనిషి పోవలసినది ఊరి నడుమకు. వ్యాయామమునకు తొక్కువానికి కప్పున్న దారి దొరకినపుడు, బ్రతుకుదెరువునకు తొక్కువానికి పెద్దరోడ్డు ప్రక్కన మూడడుగుల చోటైన దొరకవలెనని కోరుట అత్యాశ కాదు. మన సరదా వారి అవసరముతో కలిసి అడిగినపుడే ఆ కోరిక వినబడును.

శ్రోతలారా, మీలో ఎవరైన సైకిలుతో కొత్త నగరమునకు తరలిపోవుచున్నచో నేను చెప్పగలిగినది ఇంతే. మొదటి నెల మీ పాత ఊరి నేర్పును పెట్టెలో పెట్టి తాళము వేయుడు. ఆదివారము వేకువను, రోడ్లు ఖాళీగా నున్నపుడు, పనికి పోవలసిన దారిని ఒకసారి తొక్కి చూడుడు. ఊరి పల్లమును, మిట్టను పేర్లనుబట్టి అడిగి తెలిసికొనుడు. సైకిలు షాపువానితో స్నేహము చేయుడు. ముందు తెల్లదీపము, వెనుక ఎఱ్ఱదీపము లేనిదే చీకటిలో బయలుదేరకుడు. మీకంటె ముందు లేచి సైకిలుమీద పోవువానిని పలుకరించుడు. అతడే ఆ నగరములో మీ మొదటి గురువు.

మా ఇంటి సామానుల పట్టిక ఇప్పటికిని ఒక పుస్తకములో ఉన్నది. ఏడాది తిరిగిన తరువాత ఏదో వెదకుచు దానిని తీసితిని. సైకిలు ఎదుట కొట్టివేతలన్నిటికి క్రింద, నా వ్రాత కాని వ్రాతలో, "దీపం తప్పక వేసుకోవలెను" అని యున్నది.