మధుమేహ బాలలు – మన కర్తవ్యము



చెరకు తోటలకును చక్కెర మిల్లునకును పేరుపడిన ఈ ఉయ్యూరున నిలిచి మధుమేహమును గూర్చి మాటలాడుట కొందఱకు వింతగా దోచవచ్చును. కాని మేము విన్నవింపబోవునది బిడ్డ తీపి తినినందున వచ్చినదని నిందింపదగిన వ్యాధి కాదు. అది పసివారిని బట్టు మొదటి రకపు మధుమేహము.

మా యింటి కథయే చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట మా తమ్ముని కుమార్తె, తొమ్మిదేండ్ల పిల్ల, వీరమ్మతల్లి తిరునాళ్లకు వచ్చి చెంబులకొలది నీరు త్రాగజొచ్చెను. రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుచుండెను. అన్నము తినుచునే చిక్కిపోవుచుండెను. మాఘమాసపు చలిలో నింత దాహమేల యని మాలో నొక్కరికిని తోచలేదు. దిష్టి తగిలినదంటిమి. కడకు వాంతులు, ఆయాసము కలిగి స్మృతి తప్పగా, బెజవాడకు జేర్చి ప్రాణము దక్కించుకొంటిమి. పిమ్మట, పసరుమందుతో నయమగునని యొక బంధువు చెప్పగా విని సూదిమందు మానిపించితిమి. మూడవ దినమున మరల ఆసుపత్రికి బరుగెత్తితిమి. ఆ రెండు తప్పులును మావే. అవి మీ యిండ్ల జరుగకుండుటకే యీ ప్రసంగము.

మన దేహమున క్లోమమను నవయవము గలదు. అందలి కొన్ని కణములు ఇన్సులిన్ అను రసమును బుట్టించును. రోగములతో బోరాడవలసిన దేహరక్షక కణములే వానిని శత్రువులని భ్రమించి నశింపజేయుట ఈ వ్యాధికి మూలము. కంచెయే చేను మేసినట్లన్నమాట. చేను పోయినపిమ్మట పసరులు దానిని మొలిపింపజాలవు. లేని రసమును బయటినుండి యీయవలసినదే.

1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఈ రసమును వేఱుచేసిరి. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు దాని నిచ్చిరి. మొదటి మోతాదు సరిగా ఫలింపలేదు. కాలిప్ అను పండితుడు శుద్ధిచేసిన మందును 12 దినములకు మరల నీయగా బాలుడు తేఱుకొనెను. దాని హక్కును వారు ఒక్కొక్క డాలరునకే విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి.

ప్రాణము నిలిచినది గాని, యేండ్లు గడచినకొలది రోగుల కంటి వెనుకపొరయు, మూత్రపిండములును, కాళ్ల నాడులును చెడుచుండెను. రక్తమందలి చక్కెరను గట్టిగా అదుపునందుంచినచో నీ కీడు తప్పునా? 1983లో అమెరికా, కెనడాలలోని 29 కేంద్రములలో 1,441 మందితో నొక మహాపరిశోధనము ప్రారంభమయ్యెను. 1993లో ఫలితము తెలిసెను. రోజునకు మూడు, అంతకు మించిన సూదులతోగాని పంపుతోగాని చక్కెరను అదుపుచేసినవారికి కంటిజబ్బు పుట్టుట నూటికి 76 పాళ్లు తగ్గెను. నాడుల జబ్బు 60 పాళ్లు తగ్గెను. అయితే చక్కెర మితిమీఱి పడిపోవు ప్రమాదము వారికి మూడింతలయ్యెను. కావున అట్టి బిడ్డ సంచిలో గుప్పెడు పంచదార యెల్లప్పుడు నుండవలయును. ఆ వేళ మన మిల్లు సరకే మందు!

1994 నుండి ఆ మనుష్యులనే విడువక పరిశీలించుచు వచ్చిరి. పరిశోధనము ముగిసినపిదప ఇరువర్గముల అదుపును దాదాపు సమానమయ్యెను. అయినను తొలియేండ్ల శ్రద్ధాఫలము చెడలేదు. 2005లో ప్రకటించిన లెక్కల వలన వారికి గుండె, రక్తనాళముల జబ్బులు నూటికి 42 పాళ్లు తక్కువని తేలినది. నారుమడినాటి పోషణము కోతనాడు కనబడునని రైతులమైన మనకు వేఱుగ జెప్పవలయునా?

మనదేశమునను కృషి జరుగుచున్నది. హైదరాబాదు సీ.సీ.ఎం.బీ., పూణే కె.ఇ.ఎం. ఆసుపత్రి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము వారు కలసి 2020లో ప్రకటించిన పరిశోధనము, జన్యువుల లెక్కతో మొదటి రకమును రెండవ రకమునుండి వేఱుపఱచుట భారతీయులయందును సాధ్యమని చూపినది. రకము తెలియక చికిత్స తప్పినచో బిడ్డకు ప్రాణాపాయము గదా! 2022లో అమెరికా ప్రభుత్వము అంగీకరించిన టెప్లిజుమాబ్ అను మందు ఈ వ్యాధి బయటపడుటను కొంతకాలము వెనుకకు నెట్టగలదు, నివారింపజాలదు.

కావున మా మనవి మూడు మాటలు. అతిదాహము, అతిమూత్రము, చిక్కిపోవుట కనబడిన బిడ్డకు ఆనాడే వ్రేలికొన నెత్తురు పరీక్ష చేయింపుడు. ఎవరేమి చెప్పినను ఇన్సులిన్ మానిపింపకుడు. విద్యార్థులకు వేతనము లిచ్చుచున్న మన సంఘము, పేదబిడ్డల సూదిమందునకును పరీక్షాపత్రములకును నొక నిధిని నేడే తీర్మానించుగాక.

మఱియొక మాట. మా పిల్ల నేడు డిగ్రీ చదువుచున్నది. సంబంధముల నాటికి వ్యాధిని దాచుడని మాకు జెప్పువారు గలరు. మేము దాచము. దాచినచో అత్తవారింట చాటున సూది వేసికొనలేక, మానలేక, ఆ బిడ్డ యేమగును? దాచవలసిన యవసరము లేని సంఘముగా మనము మాఱుట నిధికంటె గొప్ప తీర్మానమని విన్నవించుచున్నాము.