కొండదేవుడి చిరునామా గ్రామసభ రాయాలి



ఇవాళ మనం తూర్పు కనుమల గురించి మాట్లాడుకుందాం. బడి పుస్తకంలో వీటికి దక్కేది రెండు ముక్కలే: పడమటి కనుమల కంటే ఎత్తు తక్కువ, మధ్యమధ్యలో తెగి ఉంటాయి. నిజమే. ఒడిశాలో మహానది దగ్గర మొదలై తమిళనాడు దాకా సాగే ఈ వరసను గోదావరి పాపికొండల దగ్గర, కృష్ణ నల్లమలలో కోసుకుంటూ పోయాయి. కోరాపుట్‌లోనూ మన అల్లూరి జిల్లాలోనూ శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి.

పుస్తకం చెప్పని సంగతి ఒకటుంది. ఉత్తరాన ఉన్న కొండల్లో చాలాచోట్ల కనిపించే రాయి పేరు ఖోండలైట్. కోందు ఆదివాసుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. రాయికి మన పేరు పెట్టుకున్నారు గానీ, అదే కొండ మీద హక్కు అడిగితే మాత్రం మనల్ని కాగితం చూపించమంటారు!

ఆ రాయి లక్షల ఏళ్లు ఎండకీ వానకీ నాని, కొండల నెత్తిన బాక్సైట్ పొరగా మారింది. ఆ పొర గుల్లగుల్లగా ఉంటుంది. వానాకాలం నీటిని పీల్చుకుని, ఎండాకాలం దాకా కొంచెం కొంచెంగా ఊటల్లోకి వదులుతుంది. ఏప్రిల్‌లో కూడా గెడ్డ పారుతోందంటే కారణం అదే. ఆ నెత్తిని గీకేస్తే కింద ఊట ఉంటుందా? మీరే ఆలోచించండి.

ఇక దేవుళ్ల సంగతి. తిరుమల వెంకన్న, అహోబిలం నరసింహుడు, శ్రీశైలం మల్లన్న ముగ్గురూ ఈ కనుమల మీదే ఉన్నారు. పడగలు తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలంగా ఆదిశేషుడే పడుకున్నాడని చెబుతారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు చెంచులకు అల్లుడు. అంటే గుళ్లో దేవుడికి కూడా కొండవాళ్లతో చుట్టరికం ఉందన్నమాట.

ఉత్తరానికి వస్తే గుడి గోడలు కనపడవు, కొండే దేవుడు. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల నడుమ ఉన్న నియమగిరి డోంగ్రియా కోందులకు నియమరాజు. ఆయన శిఖరం మీద చెట్టు కొట్టరు, పోడు చెయ్యరు. అది భక్తి. ఆ భక్తే ఊటల్ని కాపాడింది. మన శ్రీకాకుళం పొలాలకు నీళ్లిచ్చే వంశధార పుట్టింది ఆ కొండల్లోనే. ఆ రాజు ఎవరో తెలియని రైతు కూడా ఆయన నీళ్లతోనే నాట్లు వేస్తున్నాడు.

ఆ కొండను బాక్సైట్ కోసం తవ్వుతామన్నప్పుడు కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఏమందంటే, అక్కడి జనం దేవుడి హక్కు, మత హక్కు దెబ్బతింటాయో లేదో గ్రామసభలే తేల్చాలి అంది. 12 ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం కూడా అనుమతి నిరాకరించింది. 1997లో మన అనంతగిరి కొండల కేసులో వచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు చెల్లదంది. ఈ రెండు తీర్పుల్నీ మన పిల్లలు నోటికి నేర్చుకోవాలి.

ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు కొండ మీదొక రిజర్వాయరు, కిందొక రిజర్వాయరు కట్టి కరెంటు తీసే ప్రాజెక్టులు మన అల్లూరి, మన్యం జిల్లాలకు వస్తున్నాయి. సర్వే చేసేవాళ్ల మ్యాపులో ఊరు ఉంటుంది, రోడ్డు ఉంటుంది. మనం కొత్తల పండగకి తొలి గింజ పెట్టే చోటు ఉండదు.

ఆ చోటు కాగితం మీదికి ఎక్కాలి. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వ నియమం చదవండి. పాత బావులు, శ్మశానాలతో పాటు పవిత్ర స్థలాలనీ సాక్ష్యంగా తీసుకోవాలని అందులో ఉంది. కాబట్టి ముసలివాళ్లను వెంటబెట్టుకుని కొండ ఎక్కండి. ఏ బండ ఏ దేవత, ఏ ఊట ఏ గెడ్డలో కలుస్తుంది, ఏ పండగ ఎక్కడ చేస్తాం, అన్నీ మన భాషలోని పేర్లతోనే రాయండి. గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. తీర్మానం చేసి సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఒక నకలు ఊళ్లోనే ఉంచుకోండి.

నియమగిరి వాళ్లు తమ రాజు ఎక్కడుంటాడో అధికారుల ముందు నోరు తెరిచి చెప్పారు. కొండ నిలిచింది. మన కొండలకీ పేర్లున్నాయి. ఎవరో వచ్చి నంబర్లు వెయ్యకముందే మనం చెబుదాం.

జోహార్!